కుంగిన కమాను

మన కళాశాల వార్షిక సంచికకు ఏదైనా వ్రాసి పంపవలసిందని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, పూర్వ విద్యార్థులు సాధారణంగా వ్రాసే రీతిలో గురువులను, మిత్రులను, ఆనాటి తరగతి గదులను తలచుకొంటూ నాలుగు పేజీలు నింపుదామనే మొదట అనుకొన్నాను. కాని కాగితం ముందు కూర్చున్న తరువాత మనస్సు ఆ వైపు పోలేదు. గత శీతకాలంలో ఒక ముసలి యంత్రానికి నడుము నిలబెట్టడానికి నేను పడిన పాట్లే పదేపదే జ్ఞాపకం వచ్చాయి. ఆ యంత్రానికీ మన కళాశాలకూ సంబంధమేమిటని విద్యార్థులు అడుగవచ్చును. సంబంధం ఉన్నది, అది చివరకు గాని తేలదు. అంతవరకు ఓపిక పట్టవలసిందని ప్రార్థన.

నేను ఇప్పుడు అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రపు ఉత్తర భాగంలో, కెనడా సరిహద్దుకు చేరువలో ఉన్న ఒక చిన్న ఊళ్లో, ఆసుపత్రి ప్రయోగశాలలో ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడ నవంబరు, డిసెంబరు నెలల్లో సరస్సులు గడ్డకడతాయి. మళ్లీ ఆ మంచు పూర్తిగా కరిగేది ఏప్రిల్ చివరనో, మే మొదటనో. జనవరి రాత్రులలో ఉష్ణోగ్రత సున్నకు దిగువన 30 డిగ్రీల దాకా పోవడం ఇక్కడివారికి వింత కాదు. విజయవాడ ఎండలో పుట్టి పెరిగిన నాకు మాత్రం మొదటి శీతకాలం ఒక శిక్షగానే గడిచింది.

ఈ ప్రాంతంలో మంచు మీద తిరగడానికి స్నోమొబైల్ అనే వాహనాన్ని వాడతారు. చూడనివారి కోసం దాని స్వరూపం చెబుతాను. ముందు భాగాన రెండు స్కీలు ఉంటాయి. హ్యాండిల్ తిప్పితే అవి తిరిగి బండికి దారి చూపుతాయి. వెనుక చక్రాలు ఉండవు. వాటి బదులు వెడల్పాటి రబ్బరు ట్రాకు ఒకటి గుండ్రంగా తిరుగుతూ మంచును వెనక్కు తోసి బండిని ముందుకు నడుపుతుంది. మోటారు సైకిలు మీద కూర్చున్నట్లే దాని మీద కూర్చుంటారు. మన పల్లెల్లో మోపెడ్ ఎంత మామూలో, ఇక్కడ ఇది అంత మామూలు.

దీని పుట్టుక వెనుక ఒక తండ్రి దుఃఖం ఉన్నదని ఇక్కడికి వచ్చాకే తెలిసింది. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో, వాల్‌కూర్ అనే ఊళ్లో, జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియే అనే మెకానిక్కు ఉండేవాడు. మంచు మీద నడిచే బండి కోసం ఆయన చిన్ననాటి నుంచే ప్రయత్నాలు చేస్తుండేవాడు. 1934 శీతకాలంలో ఆయన రెండేళ్ల కుమారుడికి కడుపులో అపెండిక్సు వాచి ప్రాణం మీదికి వచ్చింది. దారులన్నీ మంచుతో మూసుకుపోయి, ఆసుపత్రికి చేర్చే సాధనం లేక, బిడ్డ చనిపోయాడు. ఆ తరువాత ఆయన పట్టుదల రెట్టింపయింది. ట్రాకును నడిపే చక్రపు ఏర్పాటుకు 1937లో పేటెంటు లభించింది. ఏడుగురు కూర్చునే పెద్ద మంచుబండి మొదట వచ్చింది. వైద్యులు, తపాలావారు, బడిపిల్లలు దాని మీద ప్రయాణం చేశారు. ఒకరిద్దరు మాత్రమే ఎక్కే చిన్న బండి, స్కీ-డూ, 1959లో వచ్చింది. మా మిన్నెసోటాలోనే రోజో అనే చిన్న పట్టణంలో 1950ల మధ్యకాలంలో మరికొందరు పనివారు ఇటువంటి బండినే స్వతంత్రంగా తయారుచేశారు. వీరెవరూ పెద్ద విద్వాంసులు కారు. ఇనుముతో చేతులు నలుపు చేసుకొన్నవారు. ఈ మాట ఎందుకు అంటున్నానో ముందు ముందు తెలుస్తుంది.

ఇక అసలు సంగతి. మా పక్క ఇంట ఒక పెద్దాయన ఉన్నారు. వయస్సు ఎనభైకి దగ్గర. కలప మిల్లులో పనిచేసి విరమించారు. భార్య చనిపోయి చాలా కాలమయింది. నేను ఈ ఊరికి వచ్చిన మొదటి చలికాలంలో, కారు ఇంజను గడ్డకట్టకుండా రాత్రిపూట విద్యుత్తీగ తగిలించి ఎలా వెచ్చగా ఉంచాలో నేర్పినవారు ఆయనే. ఎన్ని బట్టలు ఏ వరుసలో తొడుక్కోవాలో చెప్పినవారూ ఆయనే. గడ్డకట్టిన సరస్సు మీద, ఒడ్డుకు రెండు మైళ్ల దూరాన, ఆయనకు ఒక చిన్న చెక్కగది ఉన్నది. మంచులో రంధ్రం చేసి, గాలం వేసి, అందులో కూర్చుంటారు. చేపలు పడేది తక్కువే. కాని చుట్టుపక్కల గదులలోని తోటి వృద్ధులు నలుగురూ అక్కడ చేరి కాఫీ త్రాగుతారు. ఆ నాలుగు నెలలు ఆయనకు లోకంతో ఉన్న సంబంధమంతా అదే.

అక్కడికి చేర్చేది ఆయన పాత స్నోమొబైల్. 1980ల చివర తయారయినది. దాని వెనుక భాగం కుంగిపోయింది. ఎవరూ ఎక్కకపోయినా వెనుక బంపరు క్రిందికి వాలి ఉండేది. ఆయన కూర్చుంటే దాదాపు నేలకు ఆనేది. చిన్న మిట్ట తగిలినా లోపలి ఇనుము ఇనుముకు కొట్టుకొని, ఆ దెబ్బ నేరుగా వెన్నెముకకు తగిలేది. ఆయన వెన్ను అసలే మంచిది కాదు. కుదుపులు తగలకుండా చూసుకోమని వైద్యులు హెచ్చరించి ఉన్నారు. క్రొత్త బండి కొనాలంటే పదివేల డాలర్లకు పైమాట. "దీన్ని పాత ఇనుముకు ఇచ్చేసి ఇంట్లో కూర్చుంటాను" అన్నారు డిసెంబరులో ఒకనాడు, నవ్వుతూనే.

"నేను చూస్తాను, ఇవ్వకండి" అన్నాను.

ఆ మాట ఎందుకు అన్నానో అప్పుడు నాకే సరిగా తెలియదు. యంత్రాలతో నాకు పరిచయం లేదని చెప్పలేను గాని, ఉన్నదని ఎన్నడూ ఎవరితోనూ ఒప్పుకొన్నవాణ్ణి కాను.

ఆ శనివారం ఆయన గ్యారేజీలో బండి ప్రక్కన మోకాళ్ల మీద కూర్చుని చూశాను. ట్రాకు లోపల, దాని పొడవునా, రెండు అల్యూమినియపు పట్టాలు ఉంటాయి. పట్టాల అడుగున ప్లాస్టిక్ బద్దలు అమర్చి ఉంటాయి. ట్రాకు వాటి మీద జారుతూ తిరుగుతుంది. ఆ బద్దలకు మంచే కందెన, మంచే చల్లదనం. మంచు లేని రోడ్డు మీద నడిపితే అవి వేడెక్కి త్వరగా అరిగిపోతాయి. పట్టాలను బండి చట్రానికి కలుపుతూ ముందొకటి, వెనుకొకటి ఇనుప చేతులు ఉంటాయి. వెనుక చేతి ఇరుసుకు రెండు వైపులా లావుపాటి ఉక్కు తీగను చుట్టలుగా చుట్టిన టార్షన్ స్ప్రింగులు రెండు ఉంటాయి. బండి వెనుక భాగపు బరువును మోసేవి అవే. స్ప్రింగు కొన ఒకటి పట్టా మీద ఉన్న సర్దుబాటు దిమ్మెకు ఆనుతుంది. ఆ దిమ్మెకు మూడు మెట్లు. మెట్టు ఎక్కించేకొద్దీ స్ప్రింగు ముందుగానే మరికొంత బిగుసుకొని, బండి వెనుక భాగం పైకి లేస్తుంది.

నాకు ఇంకేమి కావాలి? రెండు వైపులా దిమ్మెలను చివరి మెట్టుకు తిప్పాను. పది నిమిషాల పని. బండి నడుము లేచింది. పెద్దాయన చుట్టూ తిరిగి చూసి నా భుజం తట్టారు. నేను విజయగర్వంతో ఇంటికి వచ్చి టీ త్రాగాను.

వారం తిరగకుండానే సంగతి తెలిసింది. సరస్సు నుంచి ఇంటికి వస్తూ, రోడ్డు ప్రక్కన యంత్రం త్రోసిపోయిన మంచుగట్టును ఆయన దాటబోయారు. బండి వెనుక భాగం ఏమాత్రం లొంగలేదు. ఎగిరి పడింది. ఆ దెబ్బకు ఆయన ఆరు రోజులు మంచం మీద ఉన్నారు. నేను చూడబోయినప్పుడు ఒక్క నిష్ఠురపు మాట అనలేదు. "బండీ ముసలిదే, నేనూ ముసలివాణ్ణే. ఎవరిది తప్పు అనగలం?" అన్నారు. తిట్టి ఉంటే నాకు అంత బాధ కలిగేది కాదు. తప్పు ఎవరిదో నాకు తెలుసు. కుంగుడును నేను బాగుచేయలేదు, కనబడకుండా చేశాను.

ఆ రాత్రి ఎనిమిదిన్నరకు మా నాన్నగారికి ఫోను చేశాను. అక్కడ విజయవాడలో మరునాటి ఉదయం ఎనిమిది గంటలు. ముఖాలు కనిపించే ఫోను కనుక, గ్యారేజీలోకి పోయి బండిని చూపించాను.

ఇక్కడ మా నాన్నగారిని గూర్చి చెప్పాలి. ఆయన విజయవాడ ఆటోనగర్‌లో లారీల కమాను పట్టీలు బాగుచేసేవారు. బరువుకు వంపు పోయి చదునైన పట్టీలను విప్పి, కొలిమిలో కాల్చి, సమ్మెటతో కొట్టి మళ్లీ వంపు తెచ్చి, నూనెలో ముంచి, తిరిగి సన్నని సెగ చూపి, వరుసగా పేర్చి బిగించేవారు. మేము ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లం. ఉర్దూలో కమాన్ అంటే విల్లు, కమానీ అంటే స్ప్రింగు. తెలుగు డ్రైవరూ కమాను అనే అంటాడు. ఆ ఒక్క మాట దగ్గర మా ఇంటి భాషా, దుకాణపు భాషా ఒకటయ్యేవి. ఇప్పుడు ఆయనకు చేయి వణుకుతుంది. దుకాణం మూసి చాలా సంవత్సరాలయింది.

"ఇదేం బండి బేటా? చక్రాలు లేవే!" అన్నారు మొదట.

"మంచు మీద నడిచేది అబ్బా. వెనుక కుంగింది."

"కుంగిందని ఎట్లా తెలిసింది?"

"చూస్తేనే తెలుస్తున్నది కదా."

"కంటికి తెలిసింది, సరే. కొలతకు తెలిసిందా?"

నా వద్ద జవాబు లేదు. ఆయన కొంతసేపు తెరకు దగ్గరగా ముఖం పెట్టి చూశారు. తరువాత నెమ్మదిగా చెప్పారు. "వెనుక భాగాన్ని చేత్తో అదిమి మెల్లగా వదులు. ఎక్కడ ఆగిందో కొలువు. తరువాత పైకి ఎత్తి మెల్లగా దించి వదులు. మళ్లీ కొలువు. రెండూ ఒకే చోట ఆగితే తప్పు కమానుది. వేర్వేరు చోట్ల ఆగితే లోపల ఏదో పట్టేస్తున్నది. పట్టేసిన బండికి కమాను బిగించడమంటే, కుంటివాణ్ణి కర్రతో కొట్టి నడిపించడమే."

నేను దిమ్మెలను తిరిగి మొదటి మెట్టుకు దించి, టేపు పట్టుకొని కొలిచాను. వెనుక భాగాన్ని పూర్తిగా పైకెత్తి, ట్రాకు నేలను తాకీ తాకకుండా ఉన్నప్పుడు బంపరు ఎత్తును గుర్తుగా పెట్టుకొన్నాను. అక్కడి నుంచి ఎంత దిగితే అంత కుంగుడు. అదిమి వదిలినప్పుడు బండి తన బరువుతోనే నాలుగు ముప్పావు అంగుళాలు దిగి ఆగింది. ఎత్తి దించినప్పుడు మూడుంపావు అంగుళాల దగ్గరే ఆగింది. ఒకే బండి, ఒకే బరువు, ఒకే స్ప్రింగు. తేడా మాత్రం అంగుళంన్నర. నాన్నగారు తెరలో తల ఆడించారు. "చూశావా? విప్పు" అన్నారు.

విద్యార్థుల కోసం ఇక్కడ ఒక శాస్త్ర విషయం మనవి చేస్తాను. స్ప్రింగు ఎంత సాగితే అంత బలంతో వెనక్కు లాగుతుందని రాబర్ట్ హుక్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు కనుగొన్నాడు. 1676లో ఆ సూత్రాన్ని అక్షరాలు తారుమారు చేసి ఒక పొడుపుకథగా అచ్చువేయించి, 1678లో దాన్ని విప్పి చెప్పాడు. మనమంతా దీన్ని పరీక్షకు వల్లించినవాళ్లమే. ఆ సూత్రం ఒక హద్దు వరకే పనిచేస్తుందన్న రెండవ వాక్యాన్ని మాత్రం మరచిపోతాము. ఏళ్ల తరబడి బరువు మోసి, ఆ హద్దు దగ్గర మాటిమాటికీ వంగిన స్ప్రింగు తన మొదటి ఆకారానికి తిరిగి రాదు. కుంగిన స్ప్రింగు మెత్తబడిందని మనం అనుకొంటాము. అది పొరపాటు. ఉక్కు గట్టితనం దాదాపు మారదు, మారేది ఆకారం. మునుపు ఎక్కడ నిలబడేదో అక్కడ నిలబడలేక, కొంచెం క్రింద నిలబడుతుంది. అంతే.

దిమ్మెను మెట్టు ఎక్కించినా స్ప్రింగు గట్టితనం మారదు. అది ముందుగా బిగిసి ఉంటుంది కనుక, చిన్న కుదుపులకు కదలనే కదలదు. తేలికపాటి మనిషి కూర్చున్నప్పుడు ఆ బిగువు మరీ ఎక్కువవుతుంది. దానికి తోడు లోపలి కీళ్లు పట్టేసి ఉంటే, కూర్చున్నవాడి క్రింద సస్పెన్షన్ అనేదే లేనట్లు లెక్క. నేను పెద్దాయనకు చేసిన ఉపకారం అదే.

ఇంకొక భ్రమ కూడా చెప్పాలి. మన మెకానిక్కులు షాకప్ అని పిలిచే షాక్ అబ్జార్బరే బండిని ఎత్తి పట్టుకొంటుందని చాలామంది అనుకొంటారు. నేనూ దాన్ని మార్చితే సరిపోతుందేమో అనుకొన్నవాణ్ణే. బరువును మోసేది దాదాపు పూర్తిగా స్ప్రింగే. షాకప్ చేసేది, స్ప్రింగు ఎగిరెగిరి ఊగకుండా ఆ ఊపును నూనెలో అణచివేయడం. లారీ కమానులో ఆ పని చాలావరకు పట్టీల మధ్య రాపిడే చేస్తుందని నాన్నగారు చెప్పారు. అందుకే అదిమి చూడటం, ఎత్తి చూడటం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. ఎంత రాపిడి మంచిదో, ఎక్కడి నుంచి అది రోగమో, ఆయన చేతికి తెలుసు.

తరువాతి రెండు ఆదివారాలు విప్పడానికీ బిగించడానికీ పట్టాయి. బండి వెనుక భాగాన్ని దిమ్మెల మీదికి ఎత్తి, ట్రాకు బిగువు వదులు చేశాను. బిగిసి ఉన్న టార్షన్ స్ప్రింగులో దాచుకొన్న శక్తి చిన్నది కాదు. కొన జారితే చేతి వేళ్లు విరుగుతాయి. పొడుగాటి గొట్టం తొడిగి, ముఖం ప్రక్కకు పెట్టి, కంటికి అద్దాలు పెట్టుకొని కొనలను దించాను. పెద్దాయన కుర్చీ వేసుకొని కూర్చుని, అద్దాలు తీసినప్పుడల్లా గద్దించేవారు. చట్రానికి పట్టి ఉన్న నాలుగు బోల్టులు తీయగానే పట్టాలు, చేతులు, స్ప్రింగులు అన్నీ ఒక్క ముద్దగా ట్రాకులో నుంచి బయటికి వచ్చాయి.

అప్పుడు కనబడింది రోగం. వెనుక చేయి తిరిగే ఇరుసులో గ్రీజు ఎప్పుడో ఎండి, మైనంలా గట్టిపడి ఉన్నది. కరిగిన మంచునీరు లోపలికి పోయి ఇరుసు తుప్పు పట్టింది. బుష్షులు ఒక వైపు అరిగి, మరొక వైపు ఇరుసును కరుచుకొని ఉన్నాయి. బరువు తగిలినప్పుడు చేయి క్రిందికి దిగుతున్నది గాని, బరువు పోయాక తిరిగి పైకి రాలేకపోతున్నది. స్ప్రింగులు రెండింటినీ నేల మీద ఎదురెదురుగా పెట్టి చూశాను. ఎడమది, కుడిది అద్దంలో ప్రతిబింబం వలె ఎదురు దిశలలో చుట్టబడి ఉంటాయి. ఒకదాని చోట మరొకటి పనికిరాదు. కుడి స్ప్రింగు కొనల మధ్య కోణం ఎడమదానికంటె స్పష్టంగా తేడాగా ఉన్నది. అంటే స్ప్రింగూ అలసిపోయింది, కీలూ పట్టేసింది. నాన్నగారికి చెబితే, "రెండు కమానులూ మార్చు. ముసలి ఎద్దు ప్రక్కన కోడెను కడితే కాడి వంకరపోతుంది" అన్నారు.

విడిభాగాల దుకాణంలో కొంత లావు తీగతో చేసిన స్ప్రింగులు తీసుకోమని సలహా ఇచ్చారు. ఇక ఎప్పటికీ కుంగవని. ఇక్కడ నా చదువు కొంత అక్కరకు వచ్చింది. ఇటువంటి స్ప్రింగు గట్టితనం తీగ వ్యాసపు నాలుగవ ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. తీగ వ్యాసం 10 శాతం పెరిగితే గట్టితనం 46 శాతం పెరుగుతుంది. బక్కపలుచని వృద్ధునికి అది మళ్లీ నేను చేసిన మొదటి తప్పే. పెద్దాయన బరువుకు తగిన, తయారీదారులు మొదట నిర్ణయించిన కొలతవే తెచ్చాను. లారీ యజమానులు అదనంగా ఒక పట్టీ వేయమని ఒత్తిడి చేసినప్పుడు నాన్నగారు అనే మాట అప్పుడు గుర్తుకు వచ్చింది: "బండి కుంగిందని కమానును తిట్టకు. అది ఏం మోసిందో ముందు అడుగు."

ఇరుసును గరుకు కాగితంతో రుద్ది మెరుగు తెచ్చాను. క్రొత్త బుష్షులు ఎక్కించి, చలికి గట్టిపడని గ్రీజు నింపాను. చేయి వ్రేలితో నెట్టితే ఊగేంత తేలికయింది. అరిగిన ప్లాస్టిక్ బద్దలు కూడా మార్చాను. అన్నీ తిరిగి ఎక్కించి, బండితో వచ్చిన పుస్తకంలో చెప్పిన ప్రకారం ట్రాకు బిగువును, అది మధ్యలో నడుస్తున్నదా లేదా అన్నదాన్ని సరిచూశాను. దిమ్మెలను మొదటి మెట్టులోనే ఉంచాను. పెద్దాయనను చలిబట్టలు, బూట్లు, టోపీ అన్నీ తొడుక్కొని రమ్మన్నాను. సరస్సు మీదికి పోయే మనిషి బరువు అదే గాని ఇంట్లో తిరిగే బరువు కాదు.

బండి తన బరువుతో అంగుళం దిగింది. ఆయన కూర్చుంటే రెండు ముప్పావు అంగుళాలు దిగింది. మొత్తం కదలిక ఎనిమిది అంగుళాలలో ఇంచుమించు మూడవ వంతు. కుదుపు వస్తే పైకి పోవడానికీ, క్రిందికి దిగడానికీ రెండింటికీ చోటున్నది. అదిమి వదిలినా, ఎత్తి దించినా పావు అంగుళం తేడా కూడా రాలేదు. మునుపు ఆయన కూర్చున్నప్పుడు అదే బండి ఏడు అంగుళాలు దిగేది.

మరునాడు సాయంకాలం సరస్సు వైపు నుంచి బండి చప్పుడు వినబడగానే నేను వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను. ఎక్కడ ఆయనను మొన్న మంచం ఎక్కించానో అదే మంచుగట్టు. బండి వెనుక భాగం ఒకసారి వంగి, మెల్లగా లేచి, ఊగకుండా నిలిచింది. ఆయన ఇంజను ఆపి, అద్దాలు తీసి, అడిగారు: "ఈ పని ఎక్కడ నేర్చుకొన్నావు?"

"మా నాన్నగారు లారీ కమానులు బాగుచేసేవారు" అన్నాను.

చిన్న మాటే. కాని ఆ మాట నా నోటి నుంచి బయటి మనిషితో రావడం అదే మొదటిసారి. ఆ మాట పలికేందుకు నాకు దాదాపు ముప్ఫై సంవత్సరాలు పట్టింది.

ఇక కళాశాలతో సంబంధం. 1996లో నేను మన కళాశాలలో డిగ్రీలో చేరినప్పుడు దరఖాస్తు కాగితంలో 'తండ్రి వృత్తి' అనే గడి ఒకటి ఉండేది. నా ముందు నిలబడినవాడు 'ఉపాధ్యాయుడు' అని వ్రాశాడు. నేను కలం పట్టుకొని కొంతసేపు ఆలోచించి 'వ్యాపారం' అని వ్రాశాను. ఎవరూ నన్ను అడగలేదు, ఎవరూ తప్పుపట్టలేదు. నాన్నగారు ఆ కాగితాన్ని చూసి సంతకం చేశారు. ఆయన తెలుగు బాగా చదువగలరు. ఏమీ అనలేదు. నా చదువుకు కట్టిన ప్రతి రూపాయీ ఆ కొలిమి దగ్గర సంపాదించినదే. అయినా ఆ మూడేళ్లూ నేను దుకాణం వైపు పోలేదు. చిన్ననాడు ఆయన ప్రక్కన కూర్చుని చూసినదంతా చూడనట్లే నటించాను. నేను చేసినదీ దిమ్మెను మెట్టు ఎక్కించడమే. పైకి ఎత్తుగా కనబడ్డాను. లోపల కీలు తుప్పుపట్టింది.

పెద్దాయన అడిగిన ప్రశ్న, నేను చెప్పిన జవాబు, ఆ రాత్రి నాన్నగారికి ఫోనులో చెప్పాను. ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "గ్రీజు ప్రతి సంవత్సరం మార్చమని చెప్పు ఆయనకు. మరచిపోతారు" అన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు. అనవలసిన అవసరం మా ఇద్దరికీ కనబడలేదు.

ఈ సంచికను చదివే విద్యార్థులలో మెకానిక్కుల పిల్లలు, దర్జీల పిల్లలు, తోపుడు బండ్లవారి పిల్లలు ఉంటారని నాకు తెలుసు. వారికి నీతులు చెప్పే అర్హత నాకు లేదు. నా అనుభవం వ్రాశాను, అంతే.

కళాశాల పాలకవర్గం వారికి మాత్రం ఒక చిన్న విన్నపం. 1996 నాటి దరఖాస్తులు కార్యాలయపు బీరువాలో ఇంకా ఎక్కడైనా ఉంటే, నా కాగితం తీయించి, 'తండ్రి వృత్తి' అన్న గడిలో 'వ్యాపారం' అన్న మాటను కొట్టివేసి, 'లారీ కమాను పనివారు, ఆటోనగర్, విజయవాడ' అని దిద్దించవలసిందిగా ప్రార్థిస్తున్నాను. దిద్దిన చోట సంతకం అవసరమైతే, వచ్చే సెలవులలో నాన్నగారిని వెంటబెట్టుకొని నేనే వచ్చి చేస్తాను.